టీబీ మందులకు తగ్గని జ్వరం: ఒక మెలియాయిడోసిస్ కేసు

రోగి, ఆయన భార్య ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. మెలియాయిడోసిస్ అంటే మట్టిలో బతికే ఒక బాక్టీరియా తెచ్చే జబ్బు. ఊరు, వయసు, కొన్ని తేదీలు మార్చాను. జబ్బు నడిచిన తీరు, మేం వాడిన మందులు, మేం చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

మా దగ్గరికి రాకముందు

కృష్ణా డెల్టాలో కౌలు రైతు, యాభై దాటిన మనిషి. తొమ్మిదేళ్ళుగా షుగరు, నాలుగేళ్ళుగా బీపీ. బీపీకి టెల్మిసార్టన్ రోజూ వేసుకునేవారు. షుగరుకి రాసిచ్చిన గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళ మాత్రం "నీరసం అనిపించినప్పుడు" వేసుకునేవారు. సిగరెట్ లేదు. ఆ ఏడు కాలువ నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. జులై ఆఖర్లో దమ్ము చేశారు. పది రోజులపాటు మోకాలి లోతు బురదలో, పగిలిన అరికాళ్ళతో నిలబడ్డారు. ఈ చివరి సంగతి నాకు నాలుగో రోజుదాకా తెలియదు. ఆయన దాచలేదు, నేనే అడగలేదు. కేస్ షీట్‌లో వృత్తి అన్నచోట "వ్యవసాయం" అని రాసి పేజీ తిప్పేశాను.

ఆగస్టు రెండో వారంలో చలితో జ్వరం మొదలైంది. ఊళ్ళో ఆర్ఎంపీ మూడు రోజులు ఇంజెక్షన్లు చేశారు. ఖాళీ సీసాలు చూస్తే ఒకటి నొప్పి మందు డైక్లోఫెనాక్, ఇంకోటి యాంటీబయాటిక్ జెంటామైసిన్. తగ్గకపోతే పక్క టౌన్లో చూపించుకున్నారు. అక్కడ టైఫాయిడ్‌కి చేసే వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ అన్నారు, ఐదు రోజులు సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. మన ప్రాంతంలో ఒక్కసారి చేసిన వైడాల్ పాజిటివ్‌గా రావడానికి అప్పుడు టైఫాయిడే ఉండనక్కర్లేదు, ఎప్పుడో వచ్చి పోయినా చాలు. ఇది అందరం చదువుకున్నదే. అయినా సాయంత్రం ఓపీలో నలభై మంది కూర్చుని ఉంటే, చేతిలో ఉన్న కాగితాన్ని నమ్మాలనిపిస్తుంది. వాళ్ళని తప్పుపట్టను.

రెండో వారానికి దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి మచ్చ, మధ్యలో చిన్న బొక్క. షుగరు రోగి, బరువు తగ్గుతున్నాడు, పైభాగంలో గుహలాంటి మచ్చ. మన దేశంలో ఏ డాక్టరుకైనా ముందు తట్టేది టీబీయే. కఫం పరీక్ష రెండుసార్లు నెగెటివ్, టీబీ క్రిమి జన్యువుని వెతికే సీబీనాట్ కూడా నెగెటివ్. అయినా రోగి నీరసిస్తున్నాడని రోజుకి నాలుగు బిళ్ళల లెక్కన టీబీ మందులు మొదలుపెట్టారు. ఆ మందులు మొదలైన పదహారో రోజున, జ్వరం పైకి పాకుతుండగా, మా దగ్గరికి వచ్చారు.

చేరిన రోజు

జ్వరం 103. బీపీ 100/60. నిమిషానికి 28 ఊపిర్లు, ఆక్సిజన్ 93. షుగరు 386, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 11.4. తెల్లకణాలు 17,800, అందులో న్యూట్రోఫిల్స్ 86 శాతం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4. బరువు 56 కిలోలు. అంతకుముందు 64 ఉండేవారట. పొట్ట నొక్కితే ఎడమ డొక్క కింద నొప్పి. మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తోందని భార్య చెప్పింది. వయసు, షుగరు అని సర్ది చెప్పాను. ఆ మాట అలా వదిలేయకూడదని తర్వాత తెలిసింది.

టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ లివర్‌లో ఎంజైములను పెంచుతుంది, దాంతో గ్లిమిపిరైడ్ తొందరగా విరిగిపోతుంది. టీబీ మందుల తర్వాత షుగరు అదుపు తప్పడంలో దాని పాత్రా ఉంది. టీబీ కాని మనిషికి టీబీ మందులు పెడితే, అసలు క్రిమికి మేత పెట్టినట్టయింది.

ఇది టీబీ కాదేమోనన్న అనుమానం నాకు కలిగించింది తెల్లకణాల లెక్క, జబ్బు నడిచిన వేగం. చీము పట్టే బాక్టీరియా ఏదో ఉందనిపించింది. షుగరు రోగుల్లో క్లెబ్సియెల్లా ఊపిరితిత్తులనూ లివర్‌నూ ఇలాగే పాడుచేస్తుంది. వానాకాలం కాబట్టి స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్ కూడా లెక్కలో పెట్టుకున్నాను. చంకలు, గజ్జలు, నడుము వెతికాం, స్క్రబ్ టైఫస్‌లో పురుగు కుట్టినచోట పడే నల్లమచ్చ కనబడలేదు. మలేరియా, డెంగీ లేవు. రెండు చేతుల నుంచీ రక్తం తీసి క్రిములు పెంచి చూసే కల్చర్ సీసాలు నాలుగు నింపాకే మందులు మొదలుపెట్టాం. పైపెరాసిల్లిన్-టాజోబాక్టమ్, దానికి తోడు స్క్రబ్ అనుమానంతో డాక్సీసైక్లిన్. షుగరుకి ఇన్సులిన్.

టీబీ మందులు ఆపాలా? ఆపడానికి నా దగ్గర వాదన ఉంది, ధైర్యం లేదు. ఇంకొకరు మొదలుపెట్టిన టీబీ కోర్సు మధ్యలో ఆపించిన డాక్టరు అనిపించుకోవడం ఎవరికిష్టం? ఇంకో మూడు రోజులు నడవనిచ్చాను.

మూడో రోజు

సాయంత్రం ల్యాబు నుంచి ఫోన్. "సార్, నాలుగింట్లో ఒక్క సీసాలో సూడోమోనాస్ జాతి పెరిగింది. ఒక్కదాంట్లోనే కాబట్టి కంటామినేషన్ అయుండొచ్చు." సరేనన్నాను. చర్మం మీది స్టెఫైలోకాకస్ ఒక సీసాలో కనబడితే ఆ మాట చెల్లుతుంది. జ్వరంతో మంచంపట్టిన షుగరు రోగి రక్తంలో సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగెటివ్ క్రిమి కనబడితే ఒక్క సీసా అయినా చాలు. ఈ సూత్రం మా పీజీలకు నేనే చెబుతుంటాను.

ఆ రాత్రి బీపీ 84/50కి పడింది. ఐసీయూకి మార్చి, సెలైన్ ఎక్కించి, బీపీ నిలబెట్టే నోరడ్రినలిన్ పెట్టాం. హైదరాబాదు నుంచి బయల్దేరిన కొడుకు దారిలోంచే ఫోన్ చేశాడు. "ఇంకా పెద్ద మందేదైనా ఉంటే వేయండి సార్, ఖర్చు గురించి చూడొద్దు." పైపెరాసిల్లిన్ తీసేసి మెరోపెనెం ఒక గ్రాము, ఎనిమిది గంటలకోసారి అని రాశాను. దాని కింద, ఆఖరి అస్త్రంగా వాడే కోలిస్టిన్ కూడా రాశాను. ఫార్మసీలో కోలిస్టిన్ లేదు, తెల్లారాక తెప్పిస్తామన్నారు.

మెరోపెనెం సరైన మందే. నేను రాసిన కారణం మాత్రం సరైంది కాదు. పెద్దదని రాశాను. క్రిమి పేరు తెలియకుండా అలాగే సాగి ఉంటే ఏడు రోజులకో పది రోజులకో జ్వరం తగ్గేది, మందు ఆపి ఇంటికి పంపేవాణ్ణి. కొన్ని వారాల్లో మళ్ళీ వచ్చేవాడు, లేదా వచ్చేవాడే కాదు. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇదే. మందు పేరు అదృష్టం కొద్దీ కలిసిరావచ్చు. ఎన్నాళ్ళు ఇవ్వాలో, ఎక్కడ చీము వెతకాలో, జ్వరం తగ్గకపోతే ఎన్ని రోజులు ఓపిక పట్టాలో చెప్పేది క్రిమి పేరొక్కటే.

నాలుగో రోజు పొద్దున

క్రిమి ఏ మందుకి లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు వచ్చింది. నాకంటే ముందు మా పీజీ అమ్మాయి చూసింది. "సార్, సూడోమోనాస్ అంటున్నారు. మరి కోలిస్టిన్ రెసిస్టెంట్ ఏంటి?"

అక్కడ ఆగాం. ఐసీయూల్లో మనం రోజూ చూసే సూడోమోనాస్ ఎన్ని మందులకు ఎదురు తిరిగినా, సాధారణంగా కోలిస్టిన్‌కి లొంగుతుంది. ఈ క్రిమి కోలిస్టిన్‌కీ లొంగలేదు, జెంటామైసిన్‌కీ లొంగలేదు. ల్యాబుకి పరిగెత్తాను. క్రిమి జాతి తేల్చే ఆక్సిడేజ్ పరీక్ష పాజిటివ్. స్లైడు మీద రెండు కొసలూ ముదురుగా, నడుమ లేతగా, పిన్నీసు ఆకారంలో రంగు పట్టిన కడ్డీలు. ప్లేటు పారేయకుండా ఇంకో రెండు రోజులు ఉంచమన్నాను. ఆగ్మెంటిన్ అనే యాంటీబయాటిక్ అద్దిన డిస్కు పెట్టమన్నాను. సూడోమోనాస్ దానికి లొంగదు. జెంటామైసిన్, కోలిస్టిన్ రెండింటికీ లొంగకుండా ఆగ్మెంటిన్‌కి లొంగే ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగెటివ్ అంటే, రుజువయ్యేదాకా బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే అనుకోవాలి. దానివల్ల వచ్చే జబ్బు మెలియాయిడోసిస్.

టెక్నీషియన్‌కి ఇంకోటి కూడా చెప్పాను. "మూత తీసి వాసన చూడకు నాయనా. ఇకనుంచి దీన్ని సేఫ్టీ క్యాబినెట్‌లోనే ముట్టుకో." ఈ క్రిమి గాలి ద్వారా కూడా లోపలికి పోతుంది. తడి మట్టి వాసన వస్తుందని పాతకాలం వాళ్ళు ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

మర్నాటికి ఆగ్మెంటిన్ డిస్కు చుట్టూ శుభ్రంగా వలయం కట్టింది, అంటే క్రిమి దానికి లొంగింది. ఇంకో రోజుకి కాలనీలు ఎండి, ముడతలు పడ్డాయి. ఆటోమేటిక్ మెషీన్ మాత్రం బర్ఖోల్డేరియా సెపేసియా అని, దీని దగ్గరి చుట్టం పేరు చెప్పింది. ఈ పొరపాటు ఆ మెషీన్లకు పాతదే. సెపేసియా మామూలుగా ఆగ్మెంటిన్‌కి లొంగదు కాబట్టి మెషీన్ని పక్కనపెట్టాం. క్రిమిని పీసీఆర్ చేసే పెద్ద ల్యాబుకి పంపాం. వారం తర్వాత అదేనని తేలింది. అప్పటిదాకా ఆగి ఉంటే వారం పోయేది.

కోలిస్టిన్ ఆర్డరు కొట్టేశాను. టీబీ మందులూ ఆపేశాను. ఇప్పుడు ధైర్యం అక్కర్లేకపోయింది.

అప్పుడు మంచం పక్కన కుర్చీ వేసుకుని అడగాల్సింది అడిగాను. దమ్ము, బురద, పగుళ్ళు, మోటారు నీళ్ళు. "బురదలో దిగకుండా వరెలా పండుద్దండీ?" అన్నారాయన, ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి.

ఈ క్రిమి సంగతి

ఇది మట్టిలో, నిలవ నీటిలో బతుకుతుంది. థాయ్‌లాండ్, ఉత్తర ఆస్ట్రేలియాల్లో వానాకాలం జబ్బుగా అందరికీ తెలుసు. దక్షిణ భారతంలో కొత్తేమీ కాదు, వెల్లూరు, మణిపాల్ ఆసుపత్రుల నుంచి ఏళ్ళుగా కేసులు వస్తున్నాయి. 1911లో రంగూన్‌లో దీన్ని మొదట గుర్తించిన ఇద్దరిలో ఒకరు విట్మోర్, ఇంకొకరు కృష్ణస్వామి. గుర్తించినవాళ్ళలో మన పేరున్నా జబ్బు మాత్రం మనకి పరాయిదిగానే ఉండిపోయింది. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాలు జరిగి, మెలియాయిడోసిస్ అనుమానం వచ్చినప్పుడు తెలుగు పత్రికలు దీని పేరు రాశాయి. ఈ కేసు అంతకుముందుది. అప్పట్లో మా ఊళ్ళో ఈ పేరు చెబితే డాక్టర్లే రెండోసారి చెప్పమనేవారు.

షుగరు ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ వస్తుంది. మద్యం అలవాటు, కిడ్నీ జబ్బు, థలసీమియా ఉన్నవాళ్ళకీ ముప్పే. జెంటామైసిన్ ఎందుకు పనిచేయదంటే, లోపలికొచ్చిన మందుని తోడి బయటికి పోసే పంపులు ఈ క్రిమి గోడలో ఉంటాయి, చేలో నిలిచిన నీటిని మోటారు తోడి పోసినట్టు. కోలిస్టిన్ అంటుకోవాల్సిన పైపొర దీనికి వేరేలా ఉంటుంది. సెఫ్‌ట్రయాక్సోన్ ప్లేటు మీద పనిచేసినట్టే కనబడొచ్చు. రోగుల్లో ఫలితం అంత బాగుండదని థాయ్‌లాండ్ వైద్యులు గమనించారు. మేం మొదట వేసిన పైపెరాసిల్లిన్-టాజోబాక్టమ్‌దీ ఇంచుమించు అదే కథ, దీని మీద నమ్మి వాడదగ్గ మందు కాదు. అంటే మెరోపెనెం పడేదాకా ఈయనకు ఎక్కిన ఇంజెక్షన్లలో సరిపోయేది ఒక్కటీ లేదు. డాక్సీసైక్లిన్‌కి క్రిమి లొంగుతుంది గానీ, ఇంత జబ్బుని అదొక్కటే ఆపలేదు.

నిలబడ్డ మందులు రెండే రకాలు. ఒకటి సెఫ్టాజిడిమ్. 1989లో థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రట్చతని నుంచి వచ్చిన అధ్యయనంలో, పాత మందులతో 74 శాతం ఉన్న మరణాలు దీంతో 37 శాతానికి దిగాయి. సగానికి సగం. రెండోది మెరోపెనెం, ఇమిపెనెం. అదే కుటుంబంలోని ఎర్టాపెనెం మాత్రం పనికిరాదు.

చీము ఎక్కడ?

పేరు తెలిశాక అదే రోజు పొట్ట, కటి భాగం సీటీ తీశాం. లక్షణాలున్నా లేకున్నా ఈ జబ్బులో అందరికీ తీయాలి. ప్లీహంలో (స్ప్లీన్) చిన్నచిన్న చీముగడ్డలు బోలెడు. ఎడమ డొక్క నొప్పికి కారణం అది. మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో మూడున్నర సెంటీమీటర్ల గడ్డ. సన్నగా వచ్చే మూత్రానికి కారణం ఇది. మగవాళ్ళలో ప్రోస్టేట్ గడ్డ ఈ క్రిమికి దాదాపు సంతకం లాంటిది. మొదటి రోజు ఆయన భార్య నాకు జబ్బు పేరు చెప్పినంత పని చేసింది.

ప్లీహం గడ్డలు చిన్నవి, ఎక్కువ. వాటిని ముట్టుకోనక్కర్లేదు. ప్రోస్టేట్ గురించి యూరాలజిస్టు మందులతో వారం చూద్దామన్నారు. బీపీ నిలబెట్టే మందు నడుస్తున్న మనిషికి మత్తివ్వడం నాకూ ఇష్టం లేదు, ఒప్పుకున్నాను. రెండు రోజుల్లో నోరడ్రినలిన్ ఆగింది. బీపీ, ఆక్సిజన్ నిలబడ్డాయి. జ్వరం మాత్రం రోజూ సాయంత్రం 102.

మెరోపెనెం మొదలుపెట్టి ఆరో రోజున వార్డులో అందరూ నా ముఖం చూడటం మొదలుపెట్టారు. మందు మార్చాలన్నారు, ఫంగస్ మందు కలపాలన్నారు. కొడుకు ఇంకో కార్పొరేట్ ఆసుపత్రి పేరెత్తాడు. ఈ జబ్బులో సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి సగటున తొమ్మిది రోజులు పడుతుంది. ఆ ఒక్క అంకె నన్ను కాపాడింది. మనిషి తింటున్నాడు, బీపీ బాగుంది, తెల్లకణాలు దిగుతున్నాయి. మందు మార్చే బదులు చీము మళ్ళీ వెతికాను. అల్ట్రాసౌండ్‌లో ప్రోస్టేట్ గడ్డ మిల్లీమీటరు కూడా తగ్గలేదు. తొమ్మిదో రోజున, అంటే చేరిన పన్నెండో రోజున, యూరాలజిస్టు చీము తీశారు. అందులోనూ అదే క్రిమి పెరిగింది. నాలుగు రోజులకి జ్వరం పోయింది.

మధ్యలో, ఐసీయూ దాటాక, మెరోపెనెం నుంచి సెఫ్టాజిడిమ్‌కి మారాను, రెండు గ్రాములు ఆరు గంటలకోసారి. క్రియాటినిన్ అప్పటికి 1.1కి దిగింది కాబట్టి డోసు తగ్గించనక్కర్లేదు. "పెద్ద మందు తీసేసి చిన్న మందు వేశారేంటి?" అని కొడుకు గట్టిగానే అడిగాడు. మందుల్లో పెద్దా చిన్నా ఉండవనీ, ఈ క్రిమి మీద రెండూ సమానమేననీ, మెరోపెనెం అనవసరంగా వాడితే రేపు ఇదే వార్డులో ఇంకొకరికి అది పనిచేయదనీ చెప్పాను. మొదటి రెండు ముక్కలూ విన్నాడు.

ప్రోస్టేట్‌లోకి మందు బాగా దిగాలని కో-ట్రైమోక్సజోల్ (సల్ఫా, ట్రైమెథోప్రిమ్ కలిసిన మందు, ఊళ్ళో సెప్ట్రాన్ అంటారు) కూడా అప్పుడే కలిపాం, ముందు సల్ఫా మందు పడుతుందో లేదో చెప్పే జీ6పీడీ పరీక్ష చేసి. వారానికి పొటాషియం 5.9. కారణం కళ్ళెదుటే ఉంది. ట్రైమెథోప్రిమ్ పొటాషియం పెంచుతుంది, టెల్మిసార్టన్ కూడా పెంచుతుంది. ఐసీయూలో ఆపిన టెల్మిసార్టన్‌ని వార్డులో బీపీ పెరగ్గానే పాత చీటీ చూసి మళ్ళీ రాసింది మేమే. తీసేసి ఆమ్లోడిపిన్ ఇచ్చాం, నాలుగు రోజుల్లో 4.8కి వచ్చింది. గ్లిమిపిరైడ్ కూడా మళ్ళీ ఇవ్వలేదు, సల్ఫా మందుతో కలిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్‌తో ఇంటికి పంపాలని నిర్ణయించాం.

ఇరవై ఎనిమిది రోజులు

లోపలి అవయవాల్లో గడ్డలుంటే ఇంజెక్షన్లు కనీసం నాలుగు వారాలు. ఆ లెక్క చివరిసారి చీము తీసిన రోజు నుంచి మొదలవుతుంది, ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి కాదు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. పద్దెనిమిదో రోజున, జ్వరం లేదు, అన్నం తింటున్నారు, సంచి సర్దేశారు. "కలుపు తీయించాలండీ. జ్వరం తగ్గింది గదా, బిళ్ళలు రాసియ్యండి." గణాంకాలు చెప్పి లాభం లేదు. సీటీ ఫిల్ము కిటికీ వెలుతురుకి పట్టుకుని ప్లీహంలో మిగిలిన మచ్చలు చూపించాను. "ఇవి తుంగ గడ్డలనుకోండి బాబాయ్ గారూ. పైన ఆకు కోశాం, అంతే." ఆయన సంచి మంచం కిందికి తోసేశారు. కలుపు పని బావమరిది చూసుకున్నాడు.

నలభయ్యో రోజున పంపించాం. "మండల దీక్ష అయిపోయినట్టే బాబూ," అంది భార్య.

ఇంటికెళ్ళాక

దీక్ష అవలేదు. తర్వాత మూడు నెలలు కో-ట్రైమోక్సజోల్. బరువు 52, కాబట్టి డబుల్ స్ట్రెంగ్త్ బిళ్ళ పూటకి ఒకటిన్నర, రెండు పూటలా. దాంతో ఫోలిక్ యాసిడ్ ఐదు మిల్లీగ్రాములు. ఈ కోర్సు మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు.

నేను ఊహించని చోట ఇది బెడిసికొట్టింది. ఏడో వారం పరీక్షకి వచ్చినప్పుడు బిళ్ళలు లెక్కపెడితే మిగలాల్సిన వాటికంటే చాలా ఎక్కువ ఉన్నాయి. ఊళ్ళో ఎవరో, చీటీ చూసి, "ఇన్ని సెప్ట్రాన్లా? రోజుకి రెండు చాలు" అన్నారట. తొమ్మిది రోజులు డోసు తగ్గించి వాడారు. ఆ అన్నవారికి తెలిసిన సెప్ట్రాన్ మూత్రం మంటకి ఐదు రోజులు వాడే సెప్ట్రాన్. చీటీ మీద నేను కారణం రాయలేదు, మందు పేరే రాశాను. మళ్ళీ పూర్తి డోసు పెట్టి, మూడు నెలల లెక్క కొత్తగా మొదలుపెట్టాను. ఇది ఏ గైడ్‌లైన్‌లోనూ లేదు, నా నిర్ణయమే. అతి జాగ్రత్త అనేవాళ్ళుండొచ్చు. క్రియాటినిన్ 1.3కి పెరిగి అక్కడే నిలిచింది. ట్రైమెథోప్రిమ్ కిడ్నీని పాడుచేయకుండానే ఆ అంకెను కొంత పెంచుతుంది కాబట్టి మందు ఆపలేదు.

అప్పటినుంచి ఇలాంటి రోగి జేబులో తెలుగులో ఒక కాగితం పెట్టి పంపుతున్నాను. జబ్బు పేరు, డోసు ఎందుకంత, ఎప్పటిదాకా, నా ఫోను నంబరు. ల్యాబులో ఫ్రిజ్ తలుపు మీద టెక్నీషియన్ తనే ఒక చీటీ అంటించాడు: "జెంటా, కోలిస్టిన్ రెండూ రెసిస్టెంట్ అయితే ప్లేటు పారేయొద్దు. ఆగ్మెంటిన్ పెట్టి డాక్టరుకి ఫోన్ చెయ్." కేస్ షీట్‌లో వృత్తి గడి పక్కన మా పీజీ చిన్న అక్షరాలతో ఇంకో గడి గీసింది: బురదలో దిగారా, ఎప్పుడు?

కోర్సు ముగిశాక తీసిన స్కాన్లలో ప్లీహం శుభ్రంగా ఉంది, ప్రోస్టేట్‌లో ఏమీ లేదు, ఊపిరితిత్తిలో చిన్న గీత మిగిలింది. బరువు 61. హెచ్‌బీఏ1సీ 7.6.

మరుసటి ఏడు జూన్‌లో, కాలువలు వదలకముందే వచ్చారు. దమ్ముకి దిగొచ్చా అని అడగడానికి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకోమన్నాను, పగుళ్ళుంటే అసలు దిగొద్దన్నాను. ఆయన నవ్వారు. "డాక్టరు గారూ, దమ్ములో బూటేసుకుని దిగితే కాలొస్తది, బూటు రాదు." ఇద్దరం కాసేపు ఆలోచించాం. ఆ ఏడుకి గట్టు మీదే నిలబడి చేయిస్తానన్నారు.